స్పానిష్ ఛాయలున్న ఆర్కెస్ట్రా రికార్డింగులు వినడం ఎలా: సమగ్ర మార్గదర్శి

"పెట్టి విన్నాను. మొదట హుషారుగా అనిపించింది. కాసేపటికి సంగీతం ఎటు పోతోందో తెలియక వదిలేశాను." స్పానిష్ ఛాయలున్న పాశ్చాత్య ఆర్కెస్ట్రా సంగీతం గురించి మిత్రులు నాతో అనే మాట దాదాపు ఎప్పుడూ ఇదే. దాని వెంట వచ్చే ప్రశ్న కూడా ఒకటే: ఏది ముందు వినాలి, ఎలా వినాలి?

ఈ సంగీతానికి ప్రాణం నాట్యంలోనూ గిటారు మీటులోనూ ఉంది. అందుకని ముందు చేతికి లయ పట్టుబడాలి. తరువాత చెవికి వాద్యాలు తెలియాలి. రికార్డింగుల మధ్య తేడాలు ఆ పైన. ఈ వరుస తప్పితే ఎంత గొప్ప రికార్డింగైనా రంగురంగుల చప్పుడుగానే మిగిలిపోతుంది. కింది మెట్లన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి. తొందరపడకుండా మూడు నాలుగు వారాలు కేటాయించుకోండి.

1. గదిని సిద్ధం చేసుకోవడం

ఈ కృతుల్లో అతి మెల్లని చోటికీ అతి పెద్ద మోతకూ మధ్య దూరం చాలా ఎక్కువ. సినిమా పాటల రికార్డింగుల్లో ఆ దూరం తక్కువ కాబట్టి ఫ్యాను తిరుగుతున్నా, వంటింట్లో కుక్కరు కూస్తున్నా పాట వినిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ అలా కుదరదు.

రావెల్ రాసిన బొలేరో మొదటి నిమిషం సీలింగ్ ఫ్యాను చప్పుడులో పూర్తిగా మునిగిపోతుంది. నేను మొదటిసారి ఫోను స్పీకరులో దాన్ని పెట్టినప్పుడు ఏమీ వినిపించక, ఫైలు పాడైందనుకుని ఆపేశాను. తప్పు ఫైలుది కాదు, నేను విన్న తీరుది.

వినడానికి కూర్చునే ముందు చూసుకోవలసినవి:

- ఫోను స్పీకరు వద్దు. చిన్న స్పీకరులో డబుల్ బేస్‌లు, టింపని అనే పెద్ద నగారాలు దాదాపు మాయమవుతాయి. నాట్యానికి అడుగు వేసేది అవే.
- మామూలు వైరు హెడ్‌ఫోన్లు చాలు. ఖరీదైనవి అక్కరలేదు. రెండు చెవుల్లోనూ శబ్దం సమానంగా వస్తోందో లేదో మాత్రం చూసుకోండి.
- ఫ్యాను ఆపండి, లేదా తక్కువలో పెట్టండి. వేసవిలో రాత్రి పది దాటాక వినడం మేలు.
- ఫోను మోగకుండా, సందేశాల శబ్దాలు రాకుండా చూసుకోండి.
- పాటలను కలగాపులగంగా వినిపించే షఫుల్‌ను ఆపేయండి.
- ఒక పాట చివరను తరువాతి పాట మొదట్లోకి కలిపేసే క్రాస్‌ఫేడ్‌ను కూడా ఆపేయండి. భాగాల మధ్య ఖాళీ రాకుండా చేసే గ్యాప్‌లెస్ అనే సదుపాయం ఉంటే పెట్టుకోండి.

చివరి రెండింటినీ చిన్న విషయాలని వదిలేయకండి. రిమ్‌స్కీ-కోర్సకోవ్ కాప్రిచియో ఎస్పాన్యోల్‌లో 5 భాగాలను ఆగకుండా వాయించాలి. డెబ్యుసీ ఇబేరియాలో రెండో భాగం మూడో భాగంలోకి తెలియకుండానే జారుతుంది. మధ్యలో రెండు క్షణాల నిశ్శబ్దం దూరినా, రెండు భాగాలు ఒకదానిమీద ఒకటి పడినా కృతి విరిగిపోతుంది.

2. శబ్దం స్థాయిని చివరి నుంచి నిర్ణయించడం

చాలామంది మెల్లని మొదలు వినిపించడం లేదని శబ్దం పెంచుతారు. పది నిమిషాల తరువాత ఆర్కెస్ట్రా అంతా ఒక్కసారి మోగేసరికి ఉలిక్కిపడి తగ్గిస్తారు. ఆపైన ప్రతి మలుపులోనూ వేలు మీటమీదే ఉంటుంది. స్వరకర్త కట్టిన మెట్లన్నిటినీ అలా మనమే చదును చేసేస్తాం.

దీనికి పరిష్కారం సులభం. ముందు కృతిలో చివరి నిమిషం పెట్టండి. అక్కడ మోత నిండుగా ఉండాలి కానీ చెవి నొప్పి పెట్టకూడదు. ఆ స్థాయిలో మీటను వదిలేసి, మొదటికి వెళ్లి వినండి. ఇక ముట్టుకోకండి. మొదటి స్వరాల కోసం చెవి రిక్కించాల్సి వస్తే, రిక్కించండి. స్వరకర్త కోరుకున్నది కూడా అదే.

కాప్రిచియో ఎస్పాన్యోల్‌కు ఈ అవసరం లేదు. అది మొదటి క్షణంలోనే పూర్తి మోతతో మొదలవుతుంది కాబట్టి అక్కడే స్థాయి చూసుకోవచ్చు.

కొన్ని యాప్‌లలో అన్ని పాటలనూ ఒకే స్థాయికి తెచ్చే ఏర్పాటు ఉంటుంది. ఒక్కో భాగానికి విడిగా ఆ సర్దుబాటు జరిగితే మెల్లని భాగం అనవసరంగా పెరిగిపోతుంది. ఈ సంగీతం వినేటప్పుడు దాన్ని ఆపేయడమే మంచిది.

3. సరైన రికార్డింగును పట్టుకోవడం

ఇక్కడ పేర్లు ఒకదాన్నొకటి పోలి ఉండి తికమకపెడతాయి. నన్ను అడిగేవారిలో సగం మంది ఒక కృతి అనుకుని మరొకటి వింటున్నారు.

ఇబేరియా పేరుతో రెండు ప్రసిద్ధ కృతులున్నాయి. ఒకటి స్పెయిన్ స్వరకర్త అల్బేనిజ్ పియానోకు రాసినది. అందులో కొన్ని భాగాలను నిర్దేశకుడు అర్బోస్ ఆర్కెస్ట్రాకు మార్చాడు. రెండోది డెబ్యుసీ ఆర్కెస్ట్రాకే రాసినది, ఇమాజ్ అనే సంపుటిలో భాగం. పియానో ఒక్కటే వినిపిస్తుంటే మీరు పెట్టింది అల్బేనిజ్.

ఆల్బొరాదా అన్న పేరు రిమ్‌స్కీ-కోర్సకోవ్ కృతిలో రెండు భాగాలకు ఉంది. రావెల్‌కు ఆల్బొరాదా దెల్ గ్రాసియోసో అని వేరే కృతి ఉంది. స్పానిష్ రాప్సొడీ అని వెతికితే రావెల్ ఆర్కెస్ట్రా కృతితో పాటు లిస్ట్ పియానో కృతి కూడా వస్తుంది.

మాన్యుయెల్ దె ఫాయా రాసిన మూడు మూలల టోపీ బాలే (నృత్యనాటిక) రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి మొత్తం బాలే, 40 నిమిషాలకు కాస్త తక్కువ. రెండోది దానిలోంచి తీసిన సూట్‌లు, అంటే కొన్ని భాగాలను ఏరి కూర్చినవి. ఆయనదే ఎల్ అమోర్ బ్రూహోకు 1915 నాటి చిన్న బృందపు రూపం, ఆ తరువాత పెద్ద ఆర్కెస్ట్రాకు మార్చిన రూపం ఉన్నాయి. మొదటిసారి వినేవారికి పెద్ద ఆర్కెస్ట్రా రూపమే తగినది.

రికార్డింగు ఎంచుకునేటప్పుడు ఇవి సరిచూడండి:

- స్వరకర్త పేరు, కృతి పేరు, భాగాల సంఖ్య.
- ఆర్కెస్ట్రా పేరు, దాన్ని నడిపే నిర్దేశకుడి పేరు. ఈ రెండూ రాయని సంకలనాలను పక్కన పెట్టండి.
- రికార్డు చేసిన సంవత్సరం. యాప్‌లో కనిపించేది చాలాసార్లు తిరిగి విడుదల చేసిన సంవత్సరం. 2010 అని ఉన్నంత మాత్రాన అది కొత్త రికార్డింగు కాదు.
- పూర్తి కృతా, ఏరిన ముక్కలా? "ప్రశాంత స్పెయిన్" తరహా సంకలనాల్లో సాధారణంగా ముక్కలే ఉంటాయి.

4. చేతికి లయ పట్టించడం

వినడానికి ముందు పావుగంట దీనికి ఇవ్వండి. మన దగ్గర తాళం వేసే అలవాటు ఉన్నవారికి ఇది పెద్ద వరం. సంగీతం నేర్చుకోని వారైనా భజనలో చిడతలు పట్టి ఉంటే చాలు.

మొదటి సాధన. ఆరు సమానమైన దెబ్బలు వేయండి. ఒకసారి తకిట తకిట అని మూడేసిగా అనండి. వెంటనే అదే ఆరింటిని తక తక తక అని రెండేసిగా అనండి. వేగం మారకూడదు, బరువు పడే చోటు మాత్రమే మారాలి. ఈ రెంటినీ ఆగకుండా మార్చి మార్చి అనగలిగితే స్పానిష్ సంగీతపు తలుపు సగం తెరుచుకున్నట్టే. షబ్రియే రాసిన ఎస్పాన్యా (1883) మొదట్లో తంత్రీ వాద్యాలను వేలితో మీటుతారు. మూడు లెక్కల తాళం మీద ఆ మీటు రెండు లెక్కలుగా వినిపిస్తుంది. అది తెలియనివారికి తాళం తప్పినట్టుంటుంది. తెలిసినవారికి అందులోని ఆట కనిపిస్తుంది.

రెండో సాధన, హబనేరా. ఎనిమిది మాత్రలను 3, 1, 2, 2గా పంచాలి. తకిట - త - తక - తక. నెమ్మదిగా, ప్రతి ముక్క మొదటి దెబ్బ మీద మాత్రమే తట్టండి. బిజే ఒపేరా కార్మెన్‌లోని ప్రసిద్ధ పాటకూ, రావెల్ రాప్సొడీ మూడో భాగానికీ కింద నడిచేది ఈ నడకే.

మూడో సాధన బొలేరో. దీన్ని తొమ్మిదో మెట్టులో చెబుతాను, కానీ చేతికి ఇప్పుడే నేర్పినా నష్టం లేదు.

సాధన అయ్యాక ఎస్పాన్యా ఒక్కసారి పెట్టండి. 6 నిమిషాల కృతి. మూడేసిగా తాళం వేస్తూ వినండి. మీ చెయ్యి ఎక్కడెక్కడ తడబడుతుందో గమనించండి. తడబడిన ప్రతి చోటా షబ్రియే బరువును పక్కకు జరిపాడు. మధ్యలో ట్రాంబోన్లు ఎవరినీ అడగకుండా లోపలికి వచ్చినట్టు ఒక వరుసను అందుకుంటాయి, అది వినిపిస్తే ఈ పూటకు చాలు.

5. మొదటి కృతి: కాప్రిచియో ఎస్పాన్యోల్

మొదటి కృతిగా దీన్నే ఎందుకు చెబుతానంటే, 1887లో రాసిన ఈ 15 నిమిషాల కృతి ఆర్కెస్ట్రాలోని వాద్యాలను ఒక్కొక్కటిగా మన ముందు నిలబెడుతుంది. దీనిలో ప్రతి వాద్యానికీ ఒక చోటు ఉంది. వాద్యాల గొంతులు తెలుసుకోవడానికి దీన్ని మించిన బడి నాకు తెలియదు. నాలుగు పూటలుగా వినండి.

మొదటి పూట: మొదటి భాగాన్నీ మూడో భాగాన్నీ మాత్రమే వినండి. రెండింటి పేరూ ఆల్బొరాదాయే, వరుసా అదే. ఒక్కోటి నిమిషం పైచిలుకు. మొదటిదాంట్లో ఒంటరిగా వినిపించేది ప్రధానంగా క్లారినెట్. మూడోదాంట్లో వయొలిన్, క్లారినెట్ తమ పాత్రలు మార్చుకుంటాయి, శ్రుతి కూడా అర మెట్టు పైకి జరుగుతుంది. ఒకదాని వెంట ఒకటి పెట్టుకుని నాలుగైదు సార్లు వినండి. ఎవరు ఏం పట్టుకున్నారో కళ్లు మూసుకుని చెప్పగలిగే దాకా ముందుకు వెళ్లకండి.

రెండో పూట: రెండో భాగం. హార్న్‌లు నెమ్మదైన వరుసను ఎత్తుకుంటాయి. అదే వరుస ఒక్కో వాద్యబృందం చేతిలోకి వెళ్లి రంగు మారుతుంది. ఒకచోట కోర్ ఆంగ్లే అనే వాద్యం, అంటే ఓబో కంటే కాస్త పొడుగ్గా, గొంతు లోతుగా ఉండే సన్నాయి జాతి వాద్యం, హార్న్‌తో మాట్లాడుతుంది. ఆ గొంతును గుర్తుపెట్టుకోండి. స్పెయిన్ స్వరకర్త రొడ్రీగో గిటారు కన్‌చెర్టోలోనూ (ఒక వాద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి నడిచే కృతి), ఫాయా నాట్యంలోనూ అది మళ్లీ వస్తుంది.

మూడో పూట: నాలుగో భాగం. ఇక్కడ నిదానించాలి. చిన్న డోలు, మరికొన్ని తాళవాద్యాల గలగల మీద అయిదుగురు ఒకరి తరువాత ఒకరు ముందుకు వచ్చి తాళం లేని ఆలాపన లాంటిది వినిపిస్తారు. వరుస ఇది: హార్న్‌లు ట్రంపెట్‌లు కలిసి, తరువాత వయొలిన్, ఫ్లూట్, క్లారినెట్, హార్ప్. కాగితం మీద ఈ అయిదు పేర్లు రాసుకుని, వచ్చినవారిని టిక్ పెట్టండి. వయొలిన్ వంతులో విల్లు ఎంత బలంగా పడుతుందో, ఎక్కడ ఆగుతుందో చూడండి. రికార్డింగుకూ రికార్డింగుకూ పెద్ద తేడా ఇక్కడే ఉంటుంది. ఆ తరువాత జిప్సీ పాట మొదలవుతుంది. దానిలో ఒకచోట వయొలిన్లను గిటారులా మీటమని స్వరకర్త రాశాడు. గీరుతున్నట్టు కాక మీటుతున్నట్టు వినిపించిన చోటు అదే.

నాలుగో పూట: అయిదో భాగంతో మొదలుపెట్టి, ఆ వెంటనే మొత్తం కృతిని మొదటినుంచి చివరిదాకా ఆపకుండా వినండి. అయిదో భాగం ఫాండాంగో, మూడు లెక్కల నాట్యం. కాస్టనెట్లు స్పష్టంగా వినిపిస్తాయి. చేతిలో చిడతలు ఆడించినవారికి ఆ చప్పుడు బొత్తిగా కొత్త కాదు, చెక్క మీద చెక్క పడే శబ్దమే. చివర్లో మొదటి ఆల్బొరాదా పరుగెత్తుకుంటూ తిరిగొస్తుంది. ఆ వరుసను మీరు వెంటనే గుర్తుపడితే మొదటి పూట పడిన శ్రమ ఫలించినట్టు.

ఇంతవరకూ ఒకే రికార్డింగుతో ఉండండి. రికార్డింగు మార్చాలనిపిస్తుంది, మార్చకండి.

6. స్పెయిన్ స్వరాన్ని మన చెవితో పట్టుకోవడం

కర్ణాటక సంగీతంతో కొంచెం పరిచయం ఉన్నవారికి ఈ మెట్టు. లేనివారు దాటి వెళ్లవచ్చు.

అండలూసియా గిటారు ధోరణిలో తరచూ వినిపించే నాలుగు మెట్ల దిగుడు ఒకటుంది. కింది స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుంటే అది మ గ రి స. రిషభం శుద్ధం, గాంధారం సాధారణం. అంటే తోడిలో వచ్చే స్వరస్థానాలే. అయితే చివర షడ్జమం మీద దిగినప్పుడు గిటారు వాయించే స్వరగుచ్ఛంలో అంతర గాంధారం ఉంటుంది. తోడిలో దిగి, వకుళాభరణం గుమ్మంలో నిలబడ్డట్టు. స్పానిష్ సంగీతం వినగానే కలిగే ఆ దగ్గరితనానికీ, వెంటనే కలిగే కొత్తదనానికీ కారణం ఎక్కువగా ఇదే.

ఇక్కడ ఒక జాగ్రత్త. స్వరస్థానాలు కలిసినంత మాత్రాన రాగం కలవదు. గమకం కోసం ఎదురుచూస్తే నిరాశ తప్పదు. దిగుడు చివర కాలు ఎక్కడ ఆగిందో మాత్రమే చూడండి. చాలాసార్లు అక్కడే వాక్యం ముగుస్తుంది.

7. ఫాయా: ఇంటిమనిషి స్వరం

రిమ్‌స్కీ-కోర్సకోవ్ రష్యావాడు, షబ్రియే ఫ్రాన్స్‌వాడు. కాదిజ్‌లో పుట్టిన ఫాయా దగ్గరికి వచ్చేసరికి అలంకారం తగ్గి ఎముక కనిపిస్తుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది.

మూడు మూలల టోపీ రెండో సూట్‌తో మొదలుపెట్టండి. మూడు నాట్యాలు, సుమారు 12 నిమిషాలు. మొదటిది ఇరుగుపొరుగు వారి నాట్యం, సెగిదియా. రెండోది మర ఆడించే మిల్లరు నాట్యం, ఫర్రూకా. మూడోది హోతా, అందరూ కలిసే ముగింపు నాట్యం.

మిల్లరు నాట్యాన్ని విడిగా మూడుసార్లు వినండి. మొదట హార్న్ ఒక్కటే పిలుస్తుంది. కోర్ ఆంగ్లే జవాబిస్తుంది. తరువాత తంత్రీ వాద్యాలన్నీ కలిసి గిటారును అరచేత్తో కొట్టినట్టు బరువుగా దెబ్బలు వేస్తాయి. చివర వేగం మెల్లగా పెరుగుతుంది. ఆ పెరుగుదల ఒక్కసారిగా రాకూడదు, అడుగు వెంట అడుగుగా రావాలి. మంచి రికార్డింగును గుర్తుపట్టడానికి ఈ అరనిమిషం చాలు.

సూట్ పట్టుబడ్డాక మొత్తం బాలేకు వెళ్లండి. తలుపు తెరిచినట్టు టింపని మోగుతుంది, చప్పట్లు, కాస్టనెట్లు, "ఓలే" అన్న అరుపులు వస్తాయి. పెళ్లయిన ఆడవాళ్లను తలుపు గడియ వేసుకొమ్మని హెచ్చరిస్తూ ఒక గాయని పాడుతుంది. రెండో సూట్‌లో ఈ మొదలు ఉండదు. మిల్లరు నాట్యం తరువాత అతణ్ని పట్టుకుపోవడానికి భటులు తలుపు తట్టినప్పుడు బేతోవెన్ అయిదో సింఫనీ మొదటి నాలుగు దెబ్బలు వినిపిస్తాయి. చెవి అక్కడ పెట్టి ఉంచండి.

1919లో లండన్‌లో ఈ బాలే మొదటి ప్రదర్శనకు ఆర్కెస్ట్రాను నడిపిన ఆన్సెర్మే, 1961లో సూయిస్ రొమాండ్ ఆర్కెస్ట్రాతో మొత్తం బాలేను రికార్డు చేశారు. గాయని తెరెసా బెర్గాంసా. ఆర్కెస్ట్రా అన్నిచోట్లా నునుపుగా ఉండదు, కానీ నాట్యపు అడుగు ఎక్కడా తప్పదు. నేను ఎవరికైనా మొదట ఇచ్చేది అదే. శబ్దం మరింత తేటగా కావాలనుకుంటే డ్యుత్వా నడిపిన మాంట్రియల్ ఆర్కెస్ట్రా డిజిటల్ రికార్డింగు బాగుంటుంది.

ఫాయాదే మరొకటి, స్పెయిన్ తోటల్లో రాత్రులు (1916). పియానో, ఆర్కెస్ట్రా కలిసే కృతి. పియానో ఇక్కడ కథానాయకుడు కాదు, తోటలో నీటి చప్పుడులా మిగతావాటిలో ఒకటి. పియానో ముందుకు రావడం లేదని రికార్డింగును తప్పుపట్టకండి. అలిసియా దె లారోచా వాయించినవి వినండి.

8. రాత్రి సంగీతం: రావెల్, డెబ్యుసీ

ఇప్పటిదాకా వెలుతురు. ఇక చీకటి మొదలవుతుంది. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. లయ పైకి కనిపించదు కనుక.

రావెల్ రాప్సొడీ ఎస్పాన్యోల్, అంటే మూడో మెట్టులో చెప్పిన స్పానిష్ రాప్సొడీ, నాలుగు భాగాలు, 15 నిమిషాలు. మొదటి భాగంలో దిగే నాలుగు స్వరాలు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి. ముందు ఒక నిమిషం వాటిని మాత్రమే పట్టుకోండి. మీలో మీరు పాడుకోగలిగాక మొత్తం వినండి. రెండో భాగం మాలగేన్యాలో కోర్ ఆంగ్లే తీగలాంటి పాట తరువాత అవి తిరిగి వస్తాయి. చివరి భాగం ఫేరియాలో సంబరం మధ్య కూడా వస్తాయి. మూడో భాగం హబనేరాలో మాత్రం ఉండవు. నిర్దేశకుడు రైనర్ చికాగో ఆర్కెస్ట్రాతో 1956లో చేసిన రికార్డింగులో ఈ మెల్లని చోట్లు పొగమంచులా కాక స్పష్టంగా వినిపిస్తాయి.

డెబ్యుసీ ఇబేరియాకు ఒకే సూచన. మొదటి భాగం వీధి, రెండోది రాత్రి పరిమళాలు, మూడోది పండుగ ఉదయం. రెండో భాగం చివర దూరంగా గంటలు మోగుతాయి. చీకటి ఎప్పుడు పోయి తెల్లవారిందో పట్టుకోవడానికి ప్రయత్నించండి. మూడో భాగంలో వయొలిన్లను చంకలో గిటారులా పట్టుకుని మీటమని డెబ్యుసీ రాశాడు. రికార్డింగులో అది కనిపించదు, కానీ శబ్దం ఒక్కసారిగా పొడిబారుతుంది.

9. బొలేరో: విసుగు పుట్టకుండా వినడం

"పదిహేను నిమిషాలు ఒకటే కదా" అన్న ఫిర్యాదు దీని గురించే. 1928 నాటి ఈ కృతికి ముందు చేతికి పని చెప్పండి. స్నేర్ డ్రమ్ మీద నడిచే రెండు వరుసలివి:

తా తకిట, తా తకిట, తా తా
తా తకిట, తా తకిట, తకిట తకిట

ఒక తా పట్టే కాలంలోనే తకిట మూడు దెబ్బలూ పడాలి. మొదటి వరుసలో 10 దెబ్బలు, రెండో వరుసలో 14. ఈ జంట 169 సార్లు వస్తుంది. అయిదు నిమిషాలు తొడ మీద వేసి చూడండి, డోలు వాయించేవాడి ఓర్పు ఏమిటో తెలుస్తుంది.

పైన రెండు వరుసల పాట 18 సార్లు చేతులు మారుతుంది. వచ్చేవారిని కాగితం మీద రాసుకోండి: ఫ్లూట్, క్లారినెట్, బసూన్, చిన్న క్లారినెట్, ఓబో దామోరె, ఫ్లూట్‌తో గొంతు నొక్కిన ట్రంపెట్, ఆ తరువాత శాక్సఫోన్లు. తొమ్మిదోసారి హార్న్, రెండు చిన్న ఫ్లూట్‌లు, చిరుగంటల్లా మోగే సెలెస్టా కలిసి ఇవేవీ కాని కొత్త వాద్యంలా వినిపిస్తాయి. ఆ చోటు నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ముగింపుకు కాస్త ముందు శ్రుతి ఒక్కసారి మారి మళ్లీ వెనక్కి వస్తుంది. ఓర్పుగా విన్నవారికి ఆ మలుపు ఒళ్లు జలదరింపజేస్తుంది.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

గిటారు ఆర్కెస్ట్రాకంటే పెద్దగా వినిపిస్తోంది. రొడ్రీగో ఆరన్‌హ్వేస్ కన్‌చెర్టోలో ఇది మామూలు. గిటారు గొంతు చిన్నది, రికార్డింగులో మైకు దగ్గర పెట్టి పెంచుతారు. గిటారు మోగుతున్నప్పుడు వెనక ఓబో, చెల్లో స్పష్టంగా వినిపిస్తే ఆ రికార్డింగు మంచిదే. అవి గోడ వెనక ఉన్నట్టుంటే మరొకటి చూడండి.

అడాజియో ఒక్కటే వింటున్నాం. ఆ రెండో భాగం అందమైనదే, కానీ మొదటి భాగంలో గిటారు మీటే 6 మాత్రల ఆట వినకపోతే దాని నెమ్మది అర్థం కాదు. మూడు భాగాలూ వినండి, మొత్తం 20 నిమిషాలు దాటి కొద్దిగానే.

కాస్టనెట్లు చెవిలో గుచ్చుకుంటున్నాయి. ముందు ఈక్వలైజర్‌ను చూడండి. పై శ్రుతులు పెంచి ఉంటాయి. దాన్ని మామూలు స్థితికి తెచ్చినా తగ్గకపోతే అది రికార్డింగు తప్పు.

పాత రికార్డింగులో గరగర వస్తోంది. మొదటి పది నిమిషాలు భరించండి, చెవి దాన్ని పక్కన పెట్టడం నేర్చుకుంటుంది. అయినా మొదటి పరిచయానికి 1950ల చివరి తరువాతి స్టీరియో రికార్డింగులే ఎంచుకోండి.

ఒకే రోజు అయిదు కృతులు వినేశాం, ఏదీ గుర్తు లేదు. రోజుకు ఒక కృతి. అదే కృతి మరునాడు కూడా.

11. రెండు రికార్డింగులను పోల్చడం

కృతి కనీసం అయిదారు సార్లు విన్నాకే ఇది మొదలుపెట్టండి. మొత్తం కృతులను పోల్చకండి, మనసు అంత పట్టుకోలేదు. రెండు నిమిషాల ముక్కను ఎంచుకోండి.

కాప్రిచియో నాలుగో భాగంలో అయిదు ఆలాపనలు దీనికి బాగా పనికొస్తాయి. అర్హెంతా లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో 1950ల రెండో సగంలో చేసిన రికార్డింగు ఒకటి తీసుకోండి. స్పెయిన్ నిర్దేశకుడి చేతిలో రష్యన్ కృతి ఎలా నడుస్తుందో వినవచ్చు. రెండోది కొత్త డిజిటల్ రికార్డింగు ఏదైనా.

ప్రతి ముక్కకూ రాసుకోవలసినవి:

- వయొలిన్ విల్లు స్వరం మొదట్లో కరుస్తోందా, జారుతోందా?
- ఒక ఆలాపనకూ మరోదానికీ మధ్య నిశ్శబ్దం ఎంత?
- డోలు గలగల దూరంగా ఉందా, పక్కనే ఉందా?
- హార్ప్ ముగించాక పాట వెంటనే దూకుతోందా, ఊపిరి తీసుకుని మొదలవుతోందా?

రెండు రికార్డింగుల శబ్దాన్నీ ఒకే స్థాయికి తెచ్చుకోవడం మరచిపోవద్దు. కాస్త పెద్దగా మోగేదే మంచిదని చెవి మోసపోతుంది.

బొలేరోను పోల్చడానికి గడియారం చాలు. కొన్ని రికార్డింగులు 13 నిమిషాల చిల్లరలో ముగుస్తాయి, కొన్ని 17 దాటుతాయి. రావెల్ తానే లామురో ఆర్కెస్ట్రాను నడిపి 1930లో చేసిన రికార్డింగు నిదానంగా, ఎక్కడా తొందరపడకుండా సాగుతుంది. దాన్ని విని, మీ దగ్గరున్న వేగమైన రికార్డింగును పెట్టి, డోలు వరుసను తొడ మీద వేస్తూ రెండింటితోనూ చివరిదాకా నడవండి. మీ చెయ్యి ఎక్కడ అలిసిందో, ఏ రికార్డింగులో అలవకుండా సాగిందో తేదీతో సహా రాసి పెట్టుకోండి. ఆరు నెలల తరువాత అదే పని మళ్లీ చేసి, పాత కాగితం పక్కన పెట్టి చూసుకోండి.